మూడో అంతస్తు

సిరిపురం హాల్లో ఇవాళ విజయం మీద సభ.
పొద్దున్న ఆరింటికే స్పీకర్లు మోశాను.
లిఫ్టు పనిచెయ్యలేదు.
విజయం మూడో అంతస్తులో ఉంది.

పదహారేళ్ళుగా పెద్దవాళ్ళ గొంతులు
నా వేళ్ళ కింద లేచి పడుతున్నాయి.
ఎవరు ఏ మాట దగ్గర మైకుని గట్టిగా పట్టుకుంటారో,
ముందు వరస చూసి ఎవరికి నోరెండుతుందో
నాకు తెలుసు.
‘నేను’ దగ్గర ఎర్రలైటు దాకా ఎగిరే గొంతు
‘అప్పు’ దగ్గర నేలకి దిగిపోతుంది.
అక్కడ నేను కొంచెం పెంచుతాను.
ఎవరూ గమనించరు.

మొదట రుషికొండ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ప్రద్యోత్.
మూడు కంపెనీలు మునిగాయట, నాలుగోది తేలిందట.
మునిగినవాటి పేర్లు చెప్పాడు.
వాటితోపాటు మునిగినవాళ్ళ పేర్లు చెప్పలేదు.
మంచివాడే.
చేతులు వణికి నీళ్ళసీసా మూత రాకపోతే
నేనే తీసిచ్చాను.

తర్వాత పోర్టులో పెద్ద పదవి చేసి దిగినాయన.
నాయకత్వానికి ఏడు సూత్రాలన్నాడు.
ఐదోదాని దగ్గర కరెంటు పోయింది.
వెలుతురు వచ్చేసరికి
ఆరోది ఏమిటో ఆయనకే గుర్తులేదు,
నేరుగా ఏడుకి వెళ్ళిపోయాడు.
పిల్లలు ఆరు అంకె వేసి
పక్కన ఖాళీ వదిలారు.

ఆఖర్న గరికిన మసేనమ్మ.
ఫిషింగ్ హార్బర్లో రెండు ఐసు ఫ్యాక్టరీలు.
స్టాండు ఆవిడ ఎత్తుకి దించబోతే
“ఒద్దు బాబూ, నా గొంతు హార్బర్లో పెరిగినాది” అంది.
నిజమే. సగానికి తగ్గించేశాను.

“మీ విజయ రహస్యం ఒక్క ముక్కలో, మేడమ్?”
యాంకరమ్మాయి అడిగింది.

“రహస్యమేటమ్మా? ఐసుకి రహస్యం ఉండదు.
అమ్మకపోతే కారిపోద్ది, అందరికీ అగుపడిపోద్ది.
హార్బరు కాణ్ణుంచి కంచరపాలెం దాకా
నెత్తిన బుట్టెట్టుకుని పదకొండేళ్ళు నడిసినాను.
మద్దేన్నం దాటితే సేప ఏటవుద్దో
నా మెడ మీద కారిన నీళ్ళకి తెలుసు.
ఆ కంపులోంచే బుద్ధి ఐసు మీదికెల్లినాది.

హుద్‌హుద్ తుఫానొచ్చినాది, రేకులెగిరిపోనాయి.
కరెంటు నేదు.
సీకట్లో దిమ్మలన్నీ కారతన్నాయి.
నా యాపారం కాలవలోకి పోతన్న సప్పుడు
రాత్రంతా ఇన్నాను.
తెల్లారి గేటు తీసేసినాను.
పాలోళ్ళు, మందుల కొట్టోళ్ళు,
ఇంట్లో శవమున్నోళ్ళు,
ఎవులొస్తే ఆళ్ళకి.
డబ్బులడగనేదు.
దొడ్డ మనసని కాదు, సిల్లర నేదు.”

హాలు నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

“కొందరు తరవాతొచ్చి ఇచ్చినారు. కొందరు ఇవ్వనేదు.
ఇవ్వనోళ్ళలో ఒకడు
ఇప్పుడు నా కాడ మేనేజరు.”

“అంటే, దానగుణమే మొదటి పాఠం!”
యాంకరమ్మాయి హాలు వైపు తిరిగింది.

“కాదమ్మా,” అంది మసేనమ్మ,
“జనరేటరు కొనుక్కోడం.”

చప్పట్లు. శాలువా. గ్రూపు ఫొటో.
ప్రద్యోత్ ఆవిడ పక్కన నిలబడి
బూట్ల వైపు చూసుకున్నాడు.

మైకు ఆపేశాక నా దగ్గరికొచ్చింది.
“ఎంత తీసుకుంటన్నావు దీనికి?”
చెప్పాను.
“తక్కువ. పెట్టెలు ఎవులివి?”
డాబాగార్డెన్స్‌లో అద్దెకి తెస్తానన్నాను.
“ఎన్నేళ్ళయి?”
పదహారు.

వేలి కణుపుల మీద ఏదో లెక్కేసుకుంది.
పెదాలు కదిలాయి.
మొత్తం ఎంతో పైకి అనలేదు.
నా భుజం మీది కాయ కేసి ఒకసారి చూసి
శాలువా మడత సంచిలో కుక్కుకుని
మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కుర్చీలు ఖాళీ అయ్యాయి.
మోచేతికి బొటనవేలికి మధ్య తీగ చుట్టాను,
పెట్టె భుజానికెత్తుకుని దిగడం మొదలుపెట్టాను.
మెట్టుకి ఒక నెల అద్దె చొప్పున.

రెండో అంతస్తు చేరేసరికే
పెట్టె ఖరీదు దాటిపోయింది.

ఇంకా రెండంతస్తులు దిగాలి.