ఉప్పుగాలి తాగిన కర్ర

తప్పు నీ గురిది కాదన్నాడు ఎల్లాజీ,
కర్ర ఉప్పుగాలి తాగీసింది.

మరలు విప్పి, చెక్క నుంచి ఇనుముని లేవనెత్తి
ఖాళీ పల్లాన్ని వేలితో తడిమాడు.
జాలారిపేటలో పడవల చిల్లులు పూడ్చే ఎపాక్సీ
కొబ్బరిచిప్పలో కలిపాడు.
ఇనుముకి మాత్రం బూటు పాలిష్, దట్టంగా:
"అతుక్కోకూడదు. ఆనుకోవాలంతే."

రాత్రంతా వాన.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది.
మేం రైఫిల్ని కదపలేదు.

పొద్దున టప్పుమని ఊడొచ్చింది.
చెక్కలో ఇనుము అచ్చు, పాత గీతతో సహా.
ఒక మూల గాలిబుడగ.
"అదుండనీ" అన్నాడు.

గొట్టం కింద కరెంటు బిల్లు జార్చాడు,
చివరిదాకా ఎక్కడా తగల్లేదు.

అయిదు తూటాలు.
నాలుగూ ఒకటే కన్నం.
అయిదోది దూరంగా.

ఇక కర్ర మీదకి నెట్టలేను.