గింజ బయటి పండు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట
మా బేకరీ అద్దాల్లో ఆపిల్ కేకు కూడా ఉంటుంది.
ఆపిల్ లారీలో వస్తుంది,
చెంపకి స్టిక్కరు అంటించుకుని.
కోస్తే పిండిపిండిగా రాలుతుంది
అలిసిపోయిన పండు.

మా ఆపిల్ వేరు.
వజ్రపుకొత్తూరు ఇసక తోటల్లో
ఉగాదికి ముందూ వెనకా టప్ టప్ మని పడుతుంది,
ఒకటి పసుపు, ఒకటి ఎరుపు.
కడుపులో దాచుకోవాల్సిన గింజని
కింద వేలాడదీసుకుని
సిగ్గు లేకుండా పండుతుంది.
గింజని మెలితిప్పి బుట్టలో వేస్తారు,
పండుని చెట్టు కిందే వదిలేస్తారు
మేకలకి, ఈగలకి, ఒకప్పుడు నాకు.
నా ఏడో తరగతి తెల్ల చొక్కా మీద కారిన రసం
చొక్కా చిరిగిపోయే దాకా పోలేదు.
గింజకి గ్రేడుంది, బస్తాకి రేటుంది.
పండుకి వాసన ఉంది, అంతే.

ఈ ఏడు మా అమ్మ ఢిల్లేశ్వరి
తోట కూలి నుంచి వస్తూ
కొంగులో ఎనిమిది పట్టుకొచ్చింది.
"కేకులు సేత్తావు గదా, ఇయ్యి ఎయ్యి సూద్దుం."

రాత్రి షట్టరు సగం దించి
ముక్కలు కోసి మైదాలో కలిపాను.
పొయ్యిలోంచి తీస్తే బంగారం రంగు,
నోట్లో పెడితే గొంతులో పిల్లి గీరింది.
జోగారావు గారు రెండు చెంబుల నీళ్లు తాగి
"కస్టమర్లని సంపేత్తావేటే గుంటా" అన్నారు.

అమ్మ నవ్వింది.
"గంజి పొయ్యకుండా ఎవులు సెయ్యమన్నారు?"

ఉప్పునీళ్లలో ఒక పూట,
రసం పిండి, చల్లారిన గంజి కలిపి ఒక పూట.
వగరంతా అడుక్కి దిగి
పైన తేరింది తేనెలాంటి నీరు.
పిండింది అమ్మే.
పాతికేళ్లు ఫ్యాక్టరీలో జీడి వలిచి
నల్లబడిన వేళ్లు,
రేషను డిపోలో మిషను గుర్తుపట్టని వేళ్లు.
పండు మాత్రం గుర్తుపట్టినట్టే ఉంది,
గట్టిగా నొక్కకుండానే ఇచ్చేసింది ఉన్నదంతా.

బెల్లం వేసి మరిగించాను, కొంచెం సొంఠి.
ఆ పాకం, పిప్పి, నాలుగు గుడ్లు, మైదా.
రెండోది పొంగింది, నడుమ పగిలింది.
ఆ పగులులోంచి తోటంతా లేచి
రోడ్డు మీదికి వెళ్లిపోయింది.
ఆటో ఆపి ఒకాయన తల లోపలికి పెట్టాడు,
"ఏటండీ, ఎవులి తోట తగలడిపోతంది?"

జోగారావు గారు ఒక ముక్క తిన్నారు,
మాట్లాడకుండా ఇంకోటి తిన్నారు.
పలక తీసి "ఆపిల్ కేకు, లోకల్" అని రాయబోతే
నేనే చెరిపి రాశాను: జీడిపండు కేకు.
రేటు దగ్గర సుద్దముక్క ఆగింది.
ఎప్పుడూ రేటు లేని పండుకి
ఎంతని వెయ్యడం?

అమ్మ అప్పటికే జాకెట్లోంచి
మడతల ఇరవై నోటు తీసి
బల్ల మీద పెట్టింది.
"నీ దగ్గరేటి డబ్బులు, తియ్యమ్మా."
"కొనుక్కుంటాను" అంది.
కొరికి, కళ్లు చికిలించి,
"కూసింత వగరుందే."
బాగుందని అనలేదు.
కాగితం మీది పొడి కూడా
తడి వేలితో అద్దుకుని తినేసి
చిల్లర అడక్కుండా
షిఫ్టుకి వెళ్లిపోయింది.