బద్ద

గోనెసంచి పరిచి
లెక్కలో పడని పప్పులు పదకొండు పేర్చాడు బైరాగి మాస్టారు.
అవతల చింతపిక్కలు, రేపటి సోంపేట.
పలాస స్టేషన్లో ఏదో బండి కూసింది,
షెడ్డులో ఎవరూ తలెత్తలేదు.

"గుండు అంటే నడిమిన దూరిపోవాల.
బద్ద అంటే రెండుగా సీలిపోవాల.
పొట్టు అంటే బంతి ఎనక్కి.
ఆలకి పప్పు రకాలు తెలవ్వు గదేటి!"

జీడిసొన కాల్చిన వేళ్లు అడ్డం పెట్టుకుని నవ్వేం.

దమయంతి ఒప్పుకోలేదు.
"నడిమినుంచే కొడదాం, పోయినేడు అలగే గెలిసేం."
"పోయినేడు వానపడ్డాది," అన్నాడాయన.
ఆ తగువు తేలేలోగా
గున్నమ్మ మా సెంటర్ ఫార్వర్డుని నమిలేసింది.
దాని చోట చొక్కా గుండీ పెట్టి
మళ్లీ మొదలెట్టేం.

వాళ్ల బ్యాకు తాటిమానంత మనిషి,
ఎవరు అరిస్తే వాళ్ల వెంట పడుతుందట.
అందుకే బద్ద అనగానే
నేను కుడిగీత పట్టుకుని పరిగెత్తాలి
చెయ్యెత్తి, నాకే నాకే అంటూ.
బంతి ఎడమకెళ్తుంది, దమయంతికి.

"మరి నాకెప్పుడొస్తాది?"
"రాదు.
వస్తాదని ఆల్లు నమ్మాల." కాసేపాగి,
"ముందు నువ్వు నమ్మాల."

రాత్రి కాశీబుగ్గ సందులో
కుక్కలు చూస్తుండగా
ఎత్తిన చెయ్యి దించకుండా నాలుగుసార్లు పరిగెత్తేను.
నాకే! నాకే!

కిటికీలో లైటేసి
పక్కింటి నీలాచలమ్మ అడిగింది:
"ఏటి కావాలే నీకు?"