మేకు పడని కత్తి

పత్తాదలో బాయింజు కొలిమి
చల్లారి నెల దాటింది.
నాలుగేళ్ల కింద చెప్పిన కత్తికోసం
కల్యారి నుంచి బస్సెక్కి వచ్చాను.

గవీనా లోపలికెళ్లి
పాత పేపర్లో చుట్టి తెచ్చింది:
మిర్టిల్ ఆకంత కోసుగా అలుగు,
సగం రాకిన పొట్టేలు కొమ్ము.
మేకు కోసం తొలిచిన బెజ్జంలోంచి
ఆమె నల్ల చీటీగుడ్డ కనబడింది.

"కత్తి ఊరికే ఇస్తే స్నేహం తెగుతుంది.
ఒక బిళ్ల పెట్టు."

డబ్బంతా ఎప్పుడో కట్టేశాను.
అయినా జేబు తడిమి
ఇరవై సెంట్లు పెట్టాను.
లెక్క చూసుకుని మరీ తీసుకుంది.

నా సొరుగులో ముప్పయ్యొక్క కత్తులు,
అన్నీ టక్కున మూసుకునేవే.
దీనికి మాత్రం
పదును దాచుకునే చోటు లేదు.

రాత్రి కొమ్ము వాసన చూశాను.
ఇంకా పొట్టేలే.