అయిదు వేళ్ళూ ఒకచోట

నర్సాపురం లేసు గోడౌన్లో
ఫోను నా చేతిలోనే ఉంటుంది,
నాకు ఇంగ్లీషు వచ్చని.

మొన్న మిలాన్ నుంచి లొరెంజో
మేం పంపిన బల్లగుడ్డ ఫొటో కింద
పసుప్పచ్చ చెయ్యొకటి పెట్టాడు:
అయిదు వేళ్ళూ మొనలు కలిపి, పైకి.

సువార్తమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.
"అన్నం తిన్నారా అంటన్నాడే, పాపం.
తిన్నామని చెప్పు.
చింతచిగురు రొయ్యలని కూడా చెప్పు."
చెప్పాను.
మూడు గంటలు అటునుంచి చప్పుడు లేదు.

తర్వాత తెలిసింది. వాళ్ళ ఊళ్ళో ఆ వేళ్ళకి
"ఏంటయ్యా ఇది, ఏం చేశారసలు?" అని అర్థం.
అంచులో ఒక గొలుసు తక్కువైంది.
ఒక్క గొలుసు.
ఆ అంచు ఎవరల్లారో అందరికీ తెలుసు,
ఎవరూ అనలేదు.

కువైట్లో వంటపని చేసే మా పిన్ని నవ్వింది:
ఇక్కడ అదే చెయ్యి "కాస్త ఆగు" అంటుందే.
మేడమ్ రోజుకి నలభైసార్లు చూపిస్తుంది,
జీతం అడిగిన రోజు ఇంకో నాలుగు.

అప్పట్నుంచి ప్రతి చెయ్యికీ భయపడుతున్నాను.
రెండు చేతులూ పైకెత్తితే వాళ్ళకి సంబరమట;
మా వీధిలో చేతులెత్తేశాడంటే దివాలా.
చెయ్యీ చెయ్యీ కలిస్తే బేరం కుదిరినట్టట;
పోయినేడు మాకు చెయ్యిచ్చిన మద్రాసు పార్టీని అడగాలి.
దణ్ణం పెడితే థాంక్స్ అట.
"నీకో దణ్ణంరా బాబూ" అని ఫోను పెట్టేసే మా ఓనరుకి
ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

బొటనవేలు మాత్రం సువార్తమ్మకి పాత పరిచయం.
శనివారం శనివారం కూలి రిజిస్టర్లో
నీలంగా ఆనిస్తుంది.
"బాగుందనా దీనర్థం?
బాగుందని నేనెప్పుడూ పెట్టలేదమ్మా,
ముట్టిందని పెట్టాను."

లొరెంజోకి ఏం రాయాలో తెలీక
రాసి చెరిపి, చెరిపి రాసి తలెత్తితే
పంటు రేవు వైపు కిటికీ దగ్గర
అంచు మొత్తం విప్పేసి
మళ్ళీ మొదట్నుంచి అల్లుతోంది తను.
సూది చుట్టూ దగ్గరకొచ్చిన వేళ్ళు,
వాటి మధ్యనుంచి తెల్లటి దారం.
ఫొటో తీసి పంపేశాను.
ఏంటిది అంటే ఇది.
ఆగమంటే ఆగు.
తిన్నారా అంటే, ఇదిగో, దీంతోనే.

పొద్దుగూకే వేళకి
ఒక బొటనవేలొచ్చింది.

"ముట్టిందంటాడా?" అంది సువార్తమ్మ,
కళ్ళెత్తకుండానే.

"ఆయ్" అన్నాను.
దానికింకా ఎవరూ బొమ్మ గీయలేదు.