మొదటి పేజీ

సార్ ఫోటో కిందికి దించడానికి
మూడు మీటింగులు పట్టాయి.
శాలువా, జ్ఞాపిక, వెనక శిలాఫలకం.
ఆరేళ్లుగా మా మట్టి పరీక్షల ల్యాబుకు
అదే గడప.

అంతకుముందు ఓ పొద్దున
ఎనుమాముల యార్డులో, మిర్చి ఘాటుకు తుమ్ముతూ
నెక్కొండ మొగిలన్న చేతిలో ఫోను పెట్టి
మీ రిపోర్టు వెతకండి అన్నాను.
ఆ తర్వాత నోరు మెదపకపోవడమే నా పని.
ఎంత కష్టమో.

ఆయన వేలు మా విజన్‌ను దాటేసి
మిషన్ దగ్గర ఆగింది.
మట్టిని పరీక్షచేసే మిషనే గదా అని
రెండుసార్లు నొక్కాడు.
ఇంగ్లీషు పేరా ఒకటి విచ్చుకుంది.
"గిండ్ల నా చెల్క యాడున్నది బిడ్డా?"
నోట్‌బుక్కులో ఆ మాట అట్లాగే రాసుకున్నాను,
భాష దిద్దకుండా.

ల్యాబుకు తిరిగొస్తే
షాహీన్ ల్యాండ్‌లైన్ చెవికి ఆనించుకుని
రిజిస్టరులో వేలు జరుపుతోంది.
రోజుకు నలభై ఫోన్లు,
రిపోర్టు అచ్చిందా, రిపోర్టు అచ్చిందా.
ఇన్నాళ్లూ మా అసలు వెబ్‌సైటు
ఆమె గొంతు.

ఇప్పుడు తెరిస్తే ఒక ఖాళీ గడి,
ఫోన్ నంబరు రాయమని.
దాని కింద మీ ఊరు, మీ చెల్క, మీ మట్టి.
పరిశోధన పత్రాలు ఎటూ పోలేదు,
వెతికే ఓపిక ఉన్నవాళ్ల కోసం
లోపలి గదిలో ఉన్నాయి.
సార్ నవ్వు కూడా అక్కడే.

నిన్న మొగిలన్న ఫోను చేశాడు.
"దొరికింది బిడ్డా. నత్రజని తక్కువ అని రాసున్నది.
తక్కువంటే, ఎన్ని బస్తాలు?"

షాహీన్ నా వైపు చూసింది.
నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పాను.