తొమ్మిదో కర్బనం దగ్గర

పన్నెండో రోజు కూడా
ఆరు డిగ్రీల గదిలోని ట్రేలో ఒక్క మొలకా లేదు.
"నిద్రపోతున్నాయి నీ పిల్లలు" అన్నాడు విల్మర్ ఎప్,
గ్రీన్‌హౌస్ తలుపు మోకాలితో మూస్తూ.
బయట సాస్కటూన్ ఏప్రిల్.
రోడ్డు వార మిగిలిన మంచు
పాతగోడ సున్నంలా పెచ్చులూడుతోంది.

నాలుగేళ్ల కిందటి సంగతి ఇది.
పద్దెనిమిది కర్బనాల గొలుసు,
నిటారుగా ఉంటే పేరుకుంటుంది,
తొమ్మిదో కర్బనం దగ్గర ఒక్క వంపు పడిందా, పారుతుంది.
గడ్డకూ ధారకూ మధ్య
ఉన్నదల్లా ఆ మోచేయి.

కనోలా గింజలో వంచే ఎంజైము మహా చురుకైనది.
గొలుసు ఊపిరి తీసుకునేలోపే
రెండు హైడ్రోజన్లు లాగేసి వంచేస్తుంది.
మాకు కావలసింది వంగని కొవ్వు,
బేకరీలో పిండిని పొరలు పొరలుగా విడదీసేది,
ఫ్యాక్టరీలో బలవంతాన హైడ్రోజన్ ఎక్కించనిది,
మొక్క తనంతట తానే తీర్చి ఇచ్చే వెన్న.

అందుకే ఒక కత్తెర తెచ్చాం
మాంగోస్టీన్ గింజలోంచి.
వంచేవాడి చెయ్యి పడకముందే
గొలుసును మోసేవాడి భుజం మీంచి
తెంపి పక్కన పెట్టే కత్తెర.
మొదట అదీ మందకొడిదే.
దాని లోపలి గూట్లో ఒక్కొక్క అమైనో ఆమ్లం మార్చి చూశాం,
గాజులమ్మే మనిషి
అరచెయ్యి నొక్కి కొలత పట్టినట్టు.
పదహారోది పని చెయ్యలేదు.
ముప్పై రెండోది నీళ్లలో కరగనే లేదు.
నలభై ఒకటోదాన్ని పారబోయబోతుంటే
యంత్రం గీసిన గీత మీద ఒక శిఖరం లేచింది,
ఆవగింజలో అరభాగమంత.
ఆ రోజు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు నేను.
క్యాంటీన్‌లో రెండు గిన్నెల బీట్‌రూట్ సూపు తాగాను.

మా అమ్మమ్మ పరస్కా
పందికొవ్వు కరిగించి పింగాణీ జాడీలో పోసి
కిటికీ గట్టు మీద పెట్టేది.
తెల్లారేసరికి తెల్లగా, చెంచా నిలబడేంత గట్టిగా.
అరవై ఒకటో ఏట ఆమె గుండె ఆగింది.
జాడీదే తప్పని నేననను, డాక్టరూ అనలేదు.
కానీ ఆ జాడీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది,
పెన్నులు పెట్టుకోడానికి.

ఇక ఈ ట్రే.
ఇరవై రెండు డిగ్రీల గదిలో ఈ గింజలే
మూడోనాటికి పచ్చగా తలెత్తాయి.
ఇక్కడ మాత్రం నల్లగా, గుండ్రంగా, మొండిగా.
ఒకదాన్ని గోటితో చిదిమాను.
నూనె వేలికంటలేదు,
మైనంలా నలిగింది.

విల్మర్ వంగి చూశాడు.
మూడు తరాలుగా ఈ మట్టితో పోట్లాడిన ఇల్లు వాళ్లది.
"మంచు మొహం చూడని చెట్టు కత్తెర కదా,
దానికేం తెలుసు ఇక్కడి మే నెల నేల?"

సిగ్గేసింది.
ఆ నూనె మా రొట్టెల కోసం కాదు కదా.
ఆకు ఎండను చూడకముందు, వేరు నీళ్లు తాగకముందు
చీకట్లో ఆకలితో లేచే పసిదానికి
తల్లి కట్టిన చద్దిమూట అది.
మేం చద్దిని రాయి చేసి
ఎందుకు తినవని అడుగుతున్నాం.
ఈ నేల మీద బతికి బట్టకట్టిన ఏ గింజా
ఆ వంపును ఊరికే పెట్టుకోలేదు.

నాలుగేళ్లు నూరిన కత్తెరను
ఇప్పుడు కాస్త మొద్దుబార్చాలి.
ఎంతన్నది తెలీదు.
మనిషికి కొంచెం, మొలకకు కొంచెం
అని రాసి కొట్టేశాను,
నోట్‌బుక్‌లో అలాంటివి రాయకూడదు.
పన్నెండో రోజు ఎదురుగా
సున్నా చుట్టాను.

విల్మర్ ట్రే ఎత్తుకుని
వెచ్చని గది వైపు నడిచాడు.
లెక్క పాడవుతుందని ఇద్దరికీ తెలుసు.
నేను వద్దనలేదు.